పిచ్చికుసుమ

అత్త కాలి మీద చంద్రవ్వ బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. తడిమట్టిలో వేలు దించినట్టు ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"నిన్న మడిమెల కాడనే ఉండె. ఇయ్యాల మోకాళ్ళ దాంక ఎక్కింది," అన్నది చంద్రవ్వ మెల్లగా.

పడుకుంటే ఊపిరి ఆడడం లేదని అత్త శంకరవ్వ రాత్రంతా మంచంలో గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. కాళ్ళ మీది ముసలి చర్మం ముడుతలన్నీ పోయి ఎర్రగా, బిగుతుగా మెరుస్తోంది. ఆ మెరుపు చూడలేక చంద్రవ్వ చీర అంచు లాగి కప్పింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు పర్శరాములు. అతను శంకరవ్వ చిన్నకొడుకు.

"ఇంకేం సూస్తవ్ వదినె. మన వాడల అంతయ్యకు గూడ గిట్లనే అయింది గద. ముందుగాల కాళ్ళు, ఎన్క పొట్ట, ఎన్క దమ్ము. పోయిన బేస్తారం మట్టిల పెట్టొచ్చినం."

"గా మాట అత్త ముంగట ఎందుకు?"

"అవ్వ ముంగటనే అనాలె. అవ్వా, ఒక్క మాట చెప్పు. దేవవ్వ వచ్చి నీ కాళ్ళు పిసికిందా, లేదా?"

"పిసికింది," అన్నది శంకరవ్వ.

"గంతే. గదే మాట పెద్దమనుషుల ముంగట చెప్పు. పొద్దుమీకేటాళ్ళకు అందరు మనింటికే వస్తుండ్రు. దాన్ని గూడ పట్టుకొస్తుండ్రు."

చంద్రవ్వ చేతిలోని చెంబు కింద పెట్టింది. దేవవ్వ ఆ వీధి మంత్రసాని. మొగుడు పోయి, పిల్లలు లేక, వీధి చివర గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. చంద్రవ్వ ఇద్దరు కొడుకులకూ ఈ గదిలోనే పురుడు పోసింది ఆమే. ఆ పిల్లలకు వారం కింద విరేచనాలు పట్టుకుంటే, భయపడి చంద్రవ్వే వాళ్ళను తన తల్లిగారింటికి పంపించింది.

"ఆమె ఏం జేసింది పర్శరాములూ?"

"బాణామతి చేసింది. లేకుంటే గీ హుజూరాబాదుల గిన్ని వాడలుండంగ, మన సాలెవాడకే ఎందుకు వచ్చింది గీ వాపు? ఇంటింటికి ఒకరి కాళ్ళు వాసినయి. దాని కాళ్ళు మాత్రం కట్టెపుల్లల లెక్క ఉన్నయి. ఎందుకు వాయలే?"

చంద్రవ్వకు పోయినేడు వాగు అవతలి ఊళ్ళో జరిగింది గుర్తొచ్చింది. అక్కడ కూడా ఒకామెను ఇలాగే పంచాయతీకి పిలిచారు. నోట మంత్రం తిరగకూడదని రాయితో పళ్ళన్నీ రాలగొట్టారు. ఆమె ఆ వారమే చచ్చిపోయింది.

"డాక్టర్ సాబ్ కు కబురు పంపిన," అన్నది చంద్రవ్వ. "ఆయన సూసేదాంక ఊకోండ్రి."

పర్శరాములు నవ్వలేదు, కోప్పడలేదు. "ఆయన అంతయ్యను సూడలేదా," అని మాత్రం అని బయటికి వెళ్ళిపోయాడు.

సర్కారు దవాఖానకు ఈ వానాకాలమే బదిలీ మీద వచ్చాడు డాక్టర్ అజీముద్దీన్. నడి వయసు మనిషి. రాగానే చెప్పులు వాకిట్లో విడిచి, శంకరవ్వ మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. నాడి చూశాడు. గుండె విన్నాడు. కాలు నొక్కి, గుంటను చాలాసేపు చూశాడు.

"అవ్వా, కండ్లు మంచిగ కనవడ్తున్నయా?"

"కనవడ్తున్నయి బిడ్డా. కని దీపం ముట్టిస్తె దాని సుట్టూత ఏడు రంగుల సింగిడి కనవడ్తది. ఎర్రగ, పచ్చగ. దేవుడు పిలుస్తుండనుకున్న."

డాక్టర్ తలెత్తి చంద్రవ్వను చూశాడు.

"అమ్మా, మీ ఇంట్ల ఏ నూనె తింటరు?"

"మా నూనెనే సాబ్. మాది గానుగ గద."

పెరట్లో గానుగ తిరుగుతున్న కిర్రు కిర్రు చప్పుడు అప్పుడే ఆగింది. రామచంద్రం చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. శంకరవ్వ పెద్దకొడుకు, చంద్రవ్వ భర్త. ఆ వాడకంతా నూనె పోసేది అతనే.

"నూనె సంగతి ఎందుకడుగుతుండ్రు సాబ్?"

"ఊకెనే అడుగుతలే," అన్నాడు డాక్టర్. "వాపు వచ్చిన ఇండ్లన్ని తిరిగి సూసిన. కొందరు బాయినీళ్ళు తాగుతరు, కొందరు చెరువునీళ్ళు. కొందరు జొన్నలు తింటరు, కొందరు నూకలు. నూనె ఒక్కటే అందరింట్ల మీ కాడిది. దేవవ్వ గుడిసెకు గూడ పోయిన. ఆమె ఇంట్ల నూనె సీసనే లేదు. జొన్నగట్కల మిరపకాయ నంజుకోని తింటది."

సంచిలోంచి రెండు సన్నని గాజు గొట్టాలు తీశాడు. గాజు బిరడా ఉన్న చిన్న సీసా కూడా. కంసాలులు బంగారం కడిగే తేజాబ్ అది, ఘాటుకు చంద్రవ్వ ముక్కు మూసుకుంది.

"ఇప్పటి నూనె జర తెండ్రి. పాతది గూడ ఉంటే తెండ్రి."

వంటింట్లోని కుసుమనూనె తెచ్చింది చంద్రవ్వ. దేవుని గూట్లో దీపానికని దాచుకున్న నిరుటి నువ్వులనూనె కూడా తెచ్చింది. డాక్టర్ ఒక గొట్టంలో నువ్వులనూనె పోసి, తేజాబ్ కలిపి, వాకిట్లో ఎండకు పెట్టి చూపించాడు. కాస్త మడ్డిగా అయిందే తప్ప రంగు మారలేదు. రెండో దాంట్లో కుసుమనూనె పోశాడు. తేజాబ్ పడగానే అడుగున నారింజ రంగు తేలింది. చూస్తుండగానే అది చిక్కబడి ఇటుకపొడి ఎరుపుకు తిరిగింది.



"తేజాబ్ పోస్తె ఏ నూనె అయినా మాడ్తది సాబ్," అన్నాడు రామచంద్రం.

"మరి గా నువ్వులనూనె ఎందుకు మాడలే?"

రామచంద్రం నేల చూశాడు.

"ఇది నా సొంత తెలివి గాదు," అన్నాడు డాక్టర్. "కలకత్తాల పెద్ద డాక్టర్లు ఏండ్లకేండ్లు దీని మీదనే పరిశోధన చేసిండ్రు. అక్కడ గిట్లనే ఇండ్లకిండ్లు వాసిపోతె, రోగం గాలిల ఉన్నదా, బియ్యంల ఉన్నదా అని ఎతికి ఎతికి, ఆఖరికి నూనెల దొరికిచ్చుకున్నరు. చెల్కల్ల పసుపుపచ్చ పువ్వు పూస్తది, ఆకు నిండ ముండ్లుంటయి. మీరు పిచ్చికుసుమ అంటరు. దాని నల్ల గింజ గానుగల పడితె నూనెంత జహర్, ఇసం. సన్నటి నెత్తురు దారులు వదులై నీళ్ళు కారి కాళ్ళల్లకు దిగుతయి. గుండె పెద్దగైతది. కండ్లు గూడ పోతయి."

"మందు లేదా సాబ్?" అడిగింది చంద్రవ్వ.

"గుండెకు మందు నేనిస్త. పాలు, పప్పు, గుడ్డు పెట్టుండ్రి, లేవనియ్యకుండ్రి. కని అసలు మందు నూనె బంద్ జేసుడే. నమూనా హైదరాబాదు పంపుత. అక్కడి నుంచి జవాబు వచ్చేదాంక దుకాణం మూయించే అధికారం నాకు లేదు. రామచంద్రం, మీరే మూయాలె. మీరే చెప్పాలె."

"మీరు చెప్పరాదుండ్రి సాబ్."

"అంతయ్య పెండ్లాం భూమవ్వ ఇంట్ల చెప్పి సూసిన. నూనె తింటె సస్తరా అని మొకం మీదనే అడిగిండ్రు. కొత్తగ వచ్చిన మనిషిని, నన్నెవలు నమ్ముతరు? నూనె మీది. మీ నోట వస్తె నమ్ముతరు." డాక్టర్ లేచాడు. "జమ్మికుంట దారిల ఇంకో ఊర్లె గూడ గిదే వాపు అంటుండ్రు. సూసి పొద్దుమీకేటాళ్ళకు వస్త. నేను లేకున్నా ఆ దేవవ్వ మీద చెయ్యి పడనియ్యకుండ్రి."

ఆ ఊరికి కూడా నూనె వెళ్ళేది ఈ ఇంటి నుంచే. ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు.

డాక్టర్ వెళ్ళాక రామచంద్రం పెరట్లోకి నడిచాడు. చంద్రవ్వ వెంట వెళ్ళింది. అతను ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇటు తిరుగు," అన్నది చంద్రవ్వ.

తిరగలేదు.

ఆమె కిందికి వంగింది. అతని పంచె అంచు కొద్దిగా పైకి లాగి, పిక్క మీద వేలు పెట్టి నొక్కింది. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

"ఎన్నడు షురువైంది?"

"దసర ఎల్లినంక."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏం జేస్తువు."

చంద్రవ్వ నేల మీదే కూర్చుండిపోయింది. కోపం రావాలి, రాలేదు. భయం ఒక్కటే వచ్చింది. అత్త, భర్త, పిల్లల విరేచనాలు, పొద్దున్నే మెట్లెక్కితే తనకే ఆడని ఊపిరి. ఇంతమందికీ తన చేతులతోనే పొయ్యి మీద నూనె పోసి వండింది.

"నీకు ఎర్కనేనా?" అని అడిగింది.

రామచంద్రం ఎద్దు మెడ మీది చెయ్యి తీశాడు.

"నువ్వులు పండలే గద గీయేడు. భైంసా దిక్కు నుంచి కుసుమ బండ్లు వచ్చినయి. కుప్ప పోసినప్పుడు సూసిన, నల్లగింజ శానా ఉన్నది. పిచ్చికుసుమ అని ఎర్కనే. జల్లెడ పట్టియ్యాలె అనుకున్న. పట్టియ్యలే. గా నూనె దీపాలల్ల పోస్తరు, గజ్జికి రాస్తరు. దాన్తోని మనుషులు సస్తరని ఎవలన్న చెప్పిండ్రా నాకు?"

"అంతయ్య సచ్చినంక?"

"అంతయ్య సచ్చినంక అనుమానం వచ్చింది."

"వస్తె?"

"నాకు అనుమానం వచ్చేటాళ్ళకే అందరు దేవవ్వ పేరు అనుకున్నరు." ఎద్దు పలుపు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "నేను అనలే చంద్రా. నా నోట ఆమె పేరు రాలే. వాళ్ళే అనుకున్నరు. నేను ఊకున్న, గంతే."

ఎద్దులకొట్టం వెనుక ఎవరో కదిలారు. పర్శరాములు గడ్డిమోపు పక్కన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"నిజమేనా అన్నా?"

పర్శరాములు గానుగ రోలు మీద చెయ్యి ఆనించి, వెంటనే తీసేసి, అంటిన నూనెను తుండుకు తుడుచుకున్నాడు. మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

"పొద్దుగాల అవ్వతోని గా మాట అనిపించిన," అన్నాడు.

"మంచిదైంది, నీకు ఎర్కయింది," అన్నది చంద్రవ్వ. "పోయి వాడపెద్ద రాయమల్లు పెద్దనాయినకు చెప్పు. దేవవ్వను తేవద్దని చెప్పు."

పర్శరాములు కదల్లేదు.

"చెప్తె ఏమైతది వదినె? అంతయ్య తమ్ములు ఊకుంటరా? అన్నను గీ గానుగకే కట్టి కొడ్తరు. ఇల్లు తగలవెడ్తరు. మనకు ఇద్దరు పోరగాండ్లున్నరు." తుండును మళ్ళీ చేతిలో నలిపాడు. "దేవవ్వకు ఎవలున్నరు?"

చంద్రవ్వ అతన్ని చూసింది. పొద్దున బాణామతి అన్నప్పుడు అతను నమ్మి అన్నాడు. ఇప్పుడు నమ్మకుండానే అంటున్నాడు. ఆ తేడా ఆమెను వణికించింది.

"గా ఇద్దరు పోరగాండ్లు ఆమె చేతులల్లనే పడ్డరు," అన్నది.

రామచంద్రం ఎద్దు ముందు గడ్డి వేశాడు.

పొద్దు వాలింది. డాక్టర్ రాలేదు.

ముందు వాడపెద్ద రాయమల్లు వచ్చాడు. తర్వాత మగ్గాలు దిగి ఒక్కొక్కరే వచ్చారు. కొందరు కుంటుతూ వచ్చారు, కొందరిని మోసుకొచ్చారు. అందరి కాళ్ళూ అదే తీరుగా మెరుస్తున్నాయి. అంతయ్య భార్య భూమవ్వ వాకిట్లో ఒక మూలన కూర్చుంది. ఆమెకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. చివరికి ఇద్దరు మనుషులు దేవవ్వను రెండు రెక్కలూ పట్టుకుని తీసుకొచ్చారు. వాళ్ళు అంతయ్య తమ్ముళ్ళు. ఆమె కొప్పు ఊడిపోయింది. పెదవి పగిలింది. ఎవరో అప్పటికే చెయ్యి చేసుకున్నారు.

శంకరవ్వను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చారు.

"శంకరవ్వా," అన్నాడు రాయమల్లు. "నీ కాళ్ళు ఎవలు పట్టిండ్రు?"

"దేవవ్వ పట్టింది."

"పట్టినంకనే వాసినయా?"

శంకరవ్వ దేవవ్వ వైపు చూసింది. "వాసినంకనే పట్టింది. నొస్తుందంటె వచ్చి పట్టింది."

గుంపులో గొణుగుడు లేచింది. అంతయ్య తమ్ముల్లో పెద్దవాడు, "ముసలిదానికి భయం పెట్టింది. ఇంకేం అడుగుతరు," అన్నాడు. దేవవ్వ రెక్కను ఇంకా గట్టిగా మెలిపెట్టాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది. వెనుక నుంచి ఒకరు రాయి అందించారు.

"నూనెల ఉన్నది రోగం," అన్నది చంద్రవ్వ.

తానే అన్నానని ఆమెకు ఒక క్షణం తెలియలేదు. అందరూ తిరిగి చూశాక తెలిసింది.

"మా నూనెల ఉన్నది. పిచ్చికుసుమ గింజ కలిసింది. డాక్టర్ సాబ్ పొద్దుగాల తేజాబ్ పోసి సూపెట్టిండు. ఎర్రగైంది. దేవవ్వ నూనె తినది, గందుకే ఆమెకు వాయలే."

రాయమల్లు నెమ్మదిగా రామచంద్రం వైపు తిరిగాడు.

"ఏం రామచంద్రం? నిజమేనా?"

రామచంద్రం భార్య ముఖం చూడలేదు. గుంపును చూశాడు. అంతయ్య తమ్ముళ్ళను చూశాడు.

"దానికి రంది వట్టి మతి చెడింది పెద్దనాయినా," అన్నాడు. "పోరగాండ్లు దూరమయిన కాడి నుంచి గిట్లనే ఏమేమో అంటుంది."

పర్శరాములు గోడ వైపు తిరిగిపోయాడు.

"సూసిండ్రా," అన్నారెవరో. "ఈమెకు గూడ పట్టింది." పక్కనున్న ఆడవాళ్ళు చంద్రవ్వ నుంచి దూరం జరిగారు. ఇందాకటిదాకా ఆమె భుజానికి భుజం ఆనించి నిలబడ్డవాళ్ళే. తన చుట్టూ ఖాళీ చోటు ఏర్పడడం ఆమె చూసింది. తర్వాత ఈ వాకిట్లో మోకాళ్ళ మీద పడేది ఎవరో ఆమెకు అర్థమైంది.

రాయమల్లు చెయ్యి ఎత్తాడు. ముసలివాడు తొందరపడే మనిషి కాదు. అతని కాళ్ళు కూడా వాచి ఉన్నాయి.

"ఆగుండ్రి. ఇందుల పెద్ద పంచాయతీ ఏమున్నది. రామచంద్రం, నీ నూనె మంచిదే గద?"

"మంచిదే పెద్దనాయినా."

"ఒక గిలాసల తే. నీ చేతులతోని మీ అవ్వకు తాపు. మేం సూస్తం. తాపినవంటె, నూనె మాట ఇంక ఎవలు ఎత్తరు."

రామచంద్రం లోపలికి వెళ్ళాడు. బయటికి రావడానికి ఆలస్యమైంది. వచ్చినప్పుడు చేతిలో ఇత్తడి గిలాస ఉంది. పసుపుపచ్చని కుసుమనూనె అందులో సగానికి ఉంది. దాన్ని పట్టుకుని తల్లి మంచం దగ్గరికి నడిచాడు.

శంకరవ్వ కొడుకును చూసింది. పెరట్లో పొద్దున జరిగిన మాటలు గోడ ఇవతల మంచంలో కూర్చున్న ఆమె చెవిన పడ్డాయో లేదో ఎవరికీ తెలియదు. ఆమె ఏమీ అడగలేదు.

"తే బిడ్డా," అన్నది.

నోరు తెరిచింది. పళ్ళు లేని నోరు, చంటిపిల్ల నోరులా తెరుచుకుని ఉంది. కళ్ళు మాత్రం అతని మీది నుంచి కదల్లేదు.

రామచంద్రం గిలాస ఎత్తాడు. అంచు ఆమె పెదవిని తాకింది. నూనె చుక్క ఒకటి ఆమె గడ్డం మీద పడి కిందికి జారింది. అతను దాన్ని గబగబా తుండుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. తర్వాత గిలాసను పక్కకు వంచి, ఉన్నదంతా నేల మీద పోసేశాడు. మంచం పట్టెకు తల ఆనించి కూలబడ్డాడు.

"వద్దవ్వా," అన్నాడు. "వద్దు. నాకు ఎర్కనే."

నూనె మట్టిలోకి ఇంకుతోంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

మూలన కూర్చున్న భూమవ్వ గోడ పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి వచ్చి రామచంద్రం ముందు నిలబడింది.

"నా పెనిమిటి మంచంల పడ్డంక నీ దుకాణానికి వచ్చిన," అన్నది. కోపం లేని గొంతు. "మనిషి నీరసమయిండు, నాలుగు గుడ్లు నూనెల ఏంచి పెడ్త అన్న. మంచిగ పెట్టు అక్కా అని, కొసరు గూడ పోసినవు. అప్పుడు గూడ నీకు ఎర్కనేనా?"



చంద్రవ్వ దేవవ్వ వైపు పరుగెత్తి, ఆమెను రెండు చేతులా పట్టి లేపింది. ఆపేవాళ్ళు ఎవరూ లేరు. దేవవ్వ రెక్కలను వదిలేసి, అంతయ్య తమ్ముళ్ళిద్దరూ మంచం పక్కన కూలబడ్డ రామచంద్రం వైపు నడుస్తున్నారు. రాయి ఇంకా పెద్దవాడి చేతిలోనే ఉంది.

చంద్రవ్వ వెనుక, వీధి వైపు పెద్దదర్వాజ మూసుకుంది. ఎవరూ బయటికి పోకుండా, వాకిట్లోని వాళ్ళే ఎవరో గొళ్ళెం వేశారు.